శనివారం మధ్యాహ్నాల విశ్రాంతి

గాజు అవతల మా ఆయన పడుకుని ఉన్నారు, గాజు ఇవతల నేను కూర్చుని ఉన్నాను, మా ఇద్దరికీ కనిపించేలా గోడకు తగిలించిన తెర మీద రెండు పచ్చ గీతలు ఒకదాని కింద ఒకటి పాకుతున్నాయి, ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో మేమిద్దరం ఏ రోడ్డు మీదా నడవనంత కలిసికట్టుగా. పై గీత పాతది, కింది గీత కొత్తది. తెర మూలన ఒక అంకె ఉంది. ముప్పై తొమ్మిది. నిమిషానికి ఒకటి చొప్పున అది తరుగుతుంది, సున్నాకి చేరాక పై గీత చెరిగిపోతుంది, అప్పటినుంచీ ఆయన గుండెని కింది గీత ఒక్కటే నడిపిస్తుంది. రెండింటినీ ఉంచుకోకూడదా అని అడిగితే అంత చిన్న చిప్పులో రెండు సంసారాలు పట్టవన్నారు. పాతది మళ్ళీ ఎక్కించాలంటే కమిటీ వాళ్ళ సంతకాలకే ఆరు వారాలట. అంతా మామూలేనండీ అని పొద్దున్నుంచీ నలుగురు చెప్పారు. నాలుగో మనిషి చెప్పేసరికి మామూలు కాదని అర్థమైంది, మామూలు సంగతిని నలుగురొచ్చి చెప్పరు. నేను కూర్చున్న కుర్చీ ఒక పక్కకి ఒరుగుతోంది. నమ్మదగిన యంత్రాలు ఎలా చెయ్యాలో పరిశోధించే ఇంత పెద్ద భవనంలో ఒక కుర్చీకి నాలుగు కాళ్ళూ సమంగా లేవు. ఇంకో వేళలో అయితే ఈ మాట దాచిపెట్టుకుని రాత్రి భోజనాల దగ్గర వాడుకునేదాన్ని. ఇప్పుడు నేను కదిలినప్పుడల్లా కుర్చీ టకటకమంటోంది, అది వినిపించకుండా పాదం అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

ఎడమ భుజం ఎముక కింద, చర్మం లోపల, అగ్గిపెట్టెలో సగముండే డబ్బా. గుండె తడబడినప్పుడు చెయ్యి పట్టుకుని నడిపించే పేస్‌మేకర్. ఇలాంటివి లోకంలో బోలెడుమందికి ఉన్నాయి, కానీ అందరికీ ఒకే రకం మెదడు, ఎవరో సగటు మనిషిని ఊహించుకుని పోతపోసిన మెదడు. మా ఆయన సగటు మనిషి కాదని దానికి తెలియదు, నాకు తెలుసు. బస్సు గతుకుల్లో ఊగితే ఈయన పరుగెడుతున్నాడనుకుని అది గుండెని ఉరికించేది, నిజంగా లేచి నాలుగడుగులు వేస్తే మాత్రం తీరిగ్గా మేలుకునేది. అలా తీరిగ్గా మేలుకున్న రెండుసార్లూ ఆయన పడిపోయారు, ఒకసారి స్నానాలగదిలో, ఒకసారి పాల దుకాణం ముందు. అందుకే ఈ పరిశోధన. మూడు నెలల కింద డబ్బా మార్చి కొత్తరకం చిప్పు పెట్టారు, మెదడు మాత్రం తాత్కాలికంగా పాతదే ఎక్కించారు. ఈ కొత్త చిప్పు తన లోపలి దారులు తనే చెరిపి మళ్ళీ గీసుకోగలదట. పన్నెండు వారాలు మనిషిని చూసి ఆ మనిషికి తగ్గట్టు గీసుకుంటుందట. చూడటానికి దానికి కళ్ళెక్కడివి. దానికి అందేది కుదుపు, ఊపిరి, నాడి. ఆ కుదుపు మెట్లదా, బస్సుదా, నవ్వుదా అని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఎవరో ఒకరు నేను. నాకొక నీలం అట్ట నోట్‌బుక్కు ఇచ్చారు, అరగంటకో గీత, ఆ అరగంటలో ఆయన ఏం చేస్తున్నారో ఒక్క మాట. పాఠం చెప్పేది నేను, నేర్చుకునేది అది, పరీక్ష రాసేది ఆయన గుండె. ముప్పై ఆరు.

ఈ చిప్పు మీద పనిచేసేవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. వాళ్ళలో మా ఆడపడుచు పని తయారుచేయడం కాదు, తయారుచేసినదాన్ని నమ్మకపోవడం. చిన్నప్పుడు పడుకునేముందు తలుపు గడియ మూడుసార్లు చూసొచ్చేదట, నాలుగోసారి లేస్తే మా అత్తగారు దిండు విసిరేవారట. వాళ్ళన్నయ్య అప్పుడు పెట్టిన పేరు అనుమానం. నలభై నాలుగేళ్ళొచ్చినా ఇంట్లో అదే పేరు, అనుమానం వచ్చిందా, అనుమానానికి టీ ఇచ్చావా అంటారు. అనుమానానికి నెలనెలా జీతమిచ్చే ఉద్యోగం ఒకటి ఉంటుందని మాలో ఎవరం అనుకోలేదు. సొంత అన్నయ్య కాబట్టి ఈయన కాగితాల మీద సంతకం వేరేవాళ్ళది, కానీ గడియ చూసేది మాత్రం తనే. ఇప్పుడు గాజు అవతల నా వైపు వీపు పెట్టి కూర్చుంది, జడ ముడి జారి మెడ మీదికొచ్చింది, దాన్ని ఎగదోసుకునే తీరిక కూడా లేదు. ఆ వీపు చూస్తుంటే నాకు భయమేస్తోంది. పొద్దున ఎనిమిదింటికి ఆ గదిలోనే, ఆయన చొక్కా విప్పి వైర్లు అంటించుకుంటుండగా, తను నన్ను కంప్యూటరు ముందుకి లాక్కెళ్ళి, పిల్లలు పరీక్ష మార్కులు చూపించినట్టు ఒక గ్రాఫు చూపించింది.

"చూడు వదినా, ఇదే నేను పట్టుకున్న దొంగ. ప్రతి శనివారం మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా. నువ్వు విశ్రాంతి అని రాశావు. లోపల చూస్తే కుదుపు, ఆయాసం, అంతా మెట్లెక్కుతున్నట్టే ఉంది. పడుకున్న మనిషికి ఇవెక్కడివి? వైరు దగ్గర ఏదో తప్పుడు సంకేతం పుడుతోందన్నమాట. పాతది దానికి మోసపోయి ఊరికే గుండెని పరిగెత్తించేది. కొత్తది నేర్చేసుకుంది. ఇక మోసపోదు."

"మోసపోదంటే?"

"అలాంటిదొస్తే పట్టించుకోదు. పడుకున్నాడులే అనుకుని అరవై దగ్గరే ఉంచుతుంది. మొదట నేనే నమ్మలేదు తెలుసా. అన్నయ్య ఎక్కడికో తిరుగుతున్నాడేమో అనుకున్నా. కానీ రాసింది నువ్వు కదా."

బాగుందమ్మా అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇంట్లో ఎవరేం చూపించినా బాగుంది అనే నోరు, మెదడుని అడగకుండానే అనేసింది. రాసింది నువ్వు కదా. ముగ్గురు ప్రొఫెసర్ల లెక్కలు నమ్మనిది, సొంత అన్నయ్య మాట నమ్మనిది, తలుపు గడియని నమ్మనిది, నా చేతిరాత దగ్గరికొచ్చి ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగలా భుజం తడుముకోవాల్సింది నేను. తడుముకోలేదు. చెయ్యి కదలలేదు. అప్పటినుంచీ ఇక్కడే కూర్చుని ఉన్నాను.

ఎందుకంటే శనివారం మధ్యాహ్నాలు ఆయన ఎక్కడున్నారో నాకు తెలుసు. మా భవనానికి నాలుగంతస్తులు, మా వాటా కింద, లిఫ్టు మోటారు గది మేడ మీద. ఆయన పాతికేళ్ళు లిఫ్టు మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు, చేతులు మాత్రం కాలేదు. లిఫ్టు బాగుచేసేటప్పుడు లిఫ్టెక్కకూడదు కాబట్టి లోకంలో అందరికన్నా ఎక్కువ మెట్లెక్కేది లిఫ్టు మెకానిక్కులే. డాక్టరు ఒక అంతస్తు దాటి ఎక్కొద్దన్నారు, ఈ పరిశోధన కాగితాల్లోనూ అదే రాసి ఉంది, ఆయన సంతకం కూడా చేశారు. మొదటి శనివారం అందరూ కునుకు తీసే వేళ చూసి, చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని, గ్రీజు డబ్బా పాత తువ్వాల్లో చుట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. అనుమానానికి చెప్పకు, తెలిస్తే నన్ను ఇందులోంచి పీకేస్తుంది అన్నారు. నేను చెప్పనులెండి, పడిపోతే మాత్రం నాకు చెప్పండి అన్నాను. పడిపోతే నీకెలాగూ తెలుస్తుందోయ్, చప్పుడొస్తుంది అన్నారు. నవ్వాను. ఇద్దరం నవ్వాం. ఆయన పైకెళ్ళాక నేను నోట్‌బుక్కు తీసి రెండున్నర ఎదురుగా విశ్రాంతి అని రాశాను. మూడు ఎదురుగా విశ్రాంతి. మూడున్నర ఎదురుగా మరీ ఒకేలా ఉంటే బాగుండదని, విశ్రాంతి, మధ్యలో దాహం వేసి నీళ్ళు తాగారు, అని రాశాను. ఆ నీళ్ళు ఎందుకు తాగించానో నాకే తెలియదు. అబద్ధానికి కాస్త తడి ఉంటే అతుక్కుంటుందని కాబోలు.

ముప్పై.

అబద్ధాల్లో అందరికన్నా ఆరితేరినవాళ్ళు గృహిణులే, ఎవరూ గుర్తించరు గాని. కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది, చీపురు తగిలి పగిలింది, నిద్రపోలేదు ఊరికే కళ్ళు మూసుకున్నాను, నాకేం కోపం లేదు. వీటివల్ల ఎవరి ప్రాణమూ పోలేదు, పైగా కొంపలు నిలబడ్డాయి. కాబట్టి నోట్‌బుక్కు కూడా అలాంటిదే అనుకున్నాను. అంతటితో ఆగినా బాగుండేది. నాలుగో వారానికి రుచి మరిగాను. ఆయన రోజంతా ఏం చేస్తారో వెంటపడి చూడలేక, ఆదివారం పొద్దున్నే కూర్చుని వెనక్కి చూసి వారమంతా రాసేసేదాన్ని, గుర్తులేని చోట్ల నాకు నచ్చినట్టు రాసేదాన్ని. కాలేజీలో కథలపోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది, అది ఎవరికీ జ్ఞాపకం లేదు, నాకుంది. ఆ నోట్‌బుక్కులో ఒక మొగుడు తయారయ్యాడు. పొద్దున్నే లేస్తాడు. అడిగించుకోకుండా మందులు మింగుతాడు. సాయంత్రం ఇరవై నిమిషాలు నింపాదిగా నడుస్తాడు. మధ్యాహ్నం పడుకుంటాడు, గురక పెట్టడు. ఆ మనిషితో నాకు ఏ పేచీ లేదు. ముప్పై ఏళ్ళ కింద ఎవరైనా ఆయన్ని చూపించి ఉంటే ఆయన్నే చేసుకునేదాన్నేమో, చేసుకుని నెల తిరక్కుండా విసుగుతో చచ్చేదాన్ని. ఇప్పుడు అర్థమవుతోంది, ఈ పదిమంది పెద్ద చదువుల వాళ్ళు పన్నెండు వారాలు నిద్రలు మాని గుండె తయారుచేసింది ఆ మొగుడికి. ఎవరి చొక్కానో కొలతకిచ్చి కుట్టించి, ఇదిగో ఈయనకి తొడుగుతున్నారు. చొక్కా అయితే చంకల్లో పిగిలేది, ఇంకోటి కుట్టించేవాళ్ళం. పిగిలేది చొక్కా కాదు.

కాదులే, కాపలా ఉంది కదా. కాపలా సంగతి మర్చిపోయాను. ఆ మధ్య భోజనాల దగ్గర మా ఆడపడుచు కంచంలో గరిటె పెట్టి చూపించింది. ఈ గరిటె మారే భాగం వదినా, రోజుకో రకంగా తిరుగుతుంది, ఈ కంచం కాపలా, ఇది ఎప్పటికీ మారదు, గరిటె ఎటు తిరిగినా కంచం అంచు దాటదు, నలభై అయిదుకి దిగదు, నూట ముప్పై దాటదు, నేను రుజువు చేశాను, నూట పన్నెండు పేజీలు. అప్పుడు గర్వంగా కూడా అనిపించింది. ఇప్పుడు ఆ కంచం పట్టుకుని వేలాడుతున్నాను. నలభై అయిదుకి దిగదు. అరవై దిగటం కాదు. అరవై కంచంలోనే ఉంది. నాలుగో అంతస్తు ఎక్కుతున్న మనిషికి అరవై చాలదని కంచానికి తెలియదు, మనిషి పడుకున్నాడని కదా దానికి చెప్పింది. ఆ రోజు తనే ఇంకో మాట కూడా అంది, గరిటె కడుగుతూ, నా వైపు చూడకుండా. నేను రుజువు చెయ్యగలిగేది ఒక్కటే వదినా, చెప్పినట్టు చేస్తుందని. చెప్పింది నిజమా కాదా అన్నది లెక్కలకి అందదు. దానికి నువ్వున్నావు.

దానికి నేనున్నాను. ఇరవై నాలుగు. లేచి ఆ తలుపు తోసి ఒక్క మాట చెబితే అయిపోతుంది. చెబితే ఏమవుతుంది. ఆయన్ని తీసేస్తారు. పాత మెదడుతోనే ఇంటికొస్తాం, స్నానాలగదిలో పడేసిన మెదడు, పాల దుకాణం ముందు పడేసిన మెదడు, మూడోసారి ఎక్కడ పడేస్తుందో, ఆ చోట లారీలు తిరుగుతుంటాయో ఏమో. తొమ్మిదేళ్ళుగా మా ఆడపడుచు చేస్తున్న పనికి ఆరుగురు మనుషులు కావాలి, దొరికినవాళ్ళు సరిగ్గా ఆరుగురు, అయిదుగురైతే లెక్క చెల్లదంది. ఇద్దరికి పోయిన సోమవారమే మార్చారు, ఈయన మూడో మనిషి. చెప్పకపోతే ఏమవుతుంది. ఏమీ కాకపోవచ్చు. నిజానికి ఏమీ కాకపోవడానికే ఎక్కువ వీలుంది. ఆయన మెట్లెక్కకపోతే సరి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు, ఆ రెంటిలో ఏది లోతో కొలిచి చెప్పే యంత్రం ఈ భవనంలో ఎక్కడైనా ఉందేమో.

నర్సు బయటికొచ్చింది, చేతిలో కాగితం కప్పు. వయసులో చిన్నదే కానీ కళ్ళకింద నా వయసుంది.

"టీ తాగండమ్మా. ఎందుకలా అయిపోయారు? గీతలు చూశారా, వందకి వంద కలుస్తున్నాయి."

"కలవక ఏంచేస్తాయి. ఆయన పడుకునే ఉన్నారు కదా."

"అదేగా కావాల్సింది."

"మెట్లెక్కించి చూడరా?"

"అది ఆరు వారాల తర్వాతండీ. అప్పటిదాకా ఎక్కకూడదు కదా ఆయన."

"ఎక్కకూడదు," అన్నాను.

"మీరుండగా ఎక్కనిస్తారా ఏంటి," అని నవ్వి వెళ్ళిపోయింది. ఈ భవనంలో నా మీద ఎంతమందికి నమ్మకమో.

టీ చేదుగా ఉంది, లేదా నా నోరు చేదుగా ఉంది. ఈరోజు గురువారం. ఎల్లుండి శనివారం. మేడ మీది గది తాళంచెవి దాచేస్తాను. చెప్పులు దాచేస్తాను. గ్రీజు డబ్బా పారబోస్తాను. ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఏదోయ్ డబ్బా అంటారు, నేను తెలియదంటాను, ఆయన నవ్వి ఉత్త చేతులతో ఎక్కుతారు. మొదటి అంతస్తు దాకా ఏమీ కాదు. రెండో అంతస్తు దగ్గర, గోడ మీద ఎవరో పిల్లలు క్రికెట్టు గీతలు గీసిన చోట, కాళ్ళు గుండెని అడుగుతాయి, ఇంకాస్త ఇవ్వు. గుండె డబ్బాని అడుగుతుంది. డబ్బా తన నోట్‌బుక్కు తీసి చూసుకుంటుంది. శనివారం, రెండున్నర దాటింది, ఇలాంటి కుదుపు, ఇలాంటి ఊపిరి. అబ్బే, ఈయన పడుకుని ఉన్నాడు, నాకు తెలుసు, ఆవిడ చెప్పింది. అరవై. మూడో అంతస్తు మలుపులో ఆయన మెట్ల పక్క కమ్మీ పట్టుకుంటారు. కాళ్ళు మళ్ళీ అడుగుతాయి. పడుకో నాయనా, పడుకో. అరవై. నా చేతిరాతలోనే చెబుతుంది, గుండ్రంగా, ఒత్తులు తప్పు పోకుండా. నేను కింద వంటగదిలో ఉంటాను. చప్పుడొస్తుంది. ఆయన అన్నట్టే నాకు తెలుస్తుంది. కప్పు చేతిలో నలిగి టీ వేళ్ళ మీద ఒలికింది, వేడిగా ఉందో లేదో తెలియలేదు. మెట్లంటే మా మేడవే కాదు కదా, రైలు స్టేషనులో ఉన్నాయి, బ్యాంకులో ఉన్నాయి, ఈ భవనం గుమ్మానికే పదకొండున్నాయి, పొద్దున లెక్కపెట్టాను, ఈరోజు ఇంటికి ఎలా దిగుతాం. దిగటం ఎక్కటం కాదు, పర్లేదు. ఒకవేళ కళ్ళజోడు మర్చిపోయి మళ్ళీ ఎక్కితే.

పద్దెనిమిది. ఆయన తల తిప్పి గాజులోంచి నా వైపు చూశారు, కనుబొమలెగరేసి ఏంటన్నట్టు. ఏం లేదన్నట్టు తలూపాను. ఆయనకి ఏమీ తెలియదు. ఆ గ్రాఫు సంగతి ఆయనకి చెప్పలేదు, ఆయన వైర్లు చూసుకుంటూ ఈ జాయింటు ఎవరు వేశారమ్మా, ఇంకా చెయ్యి తిరగలేదే అని నర్సుని ఆటపట్టిస్తున్నారప్పుడు. ఆయన్ని నేను మొదట చూసింది కూడా ఇలా తల పక్కకి తిప్పి ఉండగానే. డిగ్రీ చివరి సంవత్సరం, కాలేజీ లైబ్రరీ లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల నేనొక్కదాన్నే, చీకటి, ఇనుప వాసన. గంటసేపటికి నెత్తి మీద ఏదో చప్పుడై, పైన చిన్న తలుపు తెరుచుకుని, టార్చిలైటు, దాని వెనక ఒక తల. భయపడకండి, పడదు అంది తల. మీకెలా తెలుసు అన్నాను, ఏడుపు గొంతుతోనే అయినా నిలదీసి. కాస్త ఆలోచించి, తెలియదండీ, కానీ నేను దీని మీదే నిలబడి ఉన్నాను అంది. దానికి ఎదురు మాట ఇప్పటిదాకా దొరకలేదు నాకు. ఇంట్లో వాళ్ళు లిఫ్టు మెకానిక్కేమిటే, నువ్వు డిగ్రీ చదివి అన్నారు. వాళ్ళ మాట కాదని చేసుకున్నాను. ఆ రోజు తాడు తెగి ఉంటే నాతోపాటు ఆయనా పడేవారు. ఇవాళ తాడు నేను పేనాను, తాడు మీద నిలబడింది ఆయన, నేను గాజు ఇవతల కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాను. నాకేం కాదు. ఏం జరిగినా నాకేం కాదు, నేను వంటగదిలో ఉంటాను.

పద్నాలుగు. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. ఇరవయ్యేళ్ళుగా మా ఇంటికి ఆదివారమాదివారం వచ్చి, పెళ్ళి మాటెత్తితే మొగుడు దొరికాక అనుమానిస్తే గొడవలవుతాయి వదినా, అందుకే ముందే అనుమానించి మానేశాను అని నవ్వించే పిల్ల, ఒక్కదాన్ని, ఒక్కదాన్నే అనుమానించకుండా వదిలిపెట్టింది. ఆ ఒక్కటీ పోతుంది. దానికేనా ఇంత భయం, ఆయన ప్రాణానికి కాదా. ఈ రెండు భయాల్లో ఏది ఏదో విడదీయలేకపోతున్నాను, కలిపి చుట్టిన ఉన్నిలా ఉంది, ఒక కొస లాగితే రెండోదే బిగుస్తోంది. పన్నెండు. ఇప్పుడు లేస్తాను. పదకొండున్నరకి ఒక బస్సుంది, దాన్నందుకుంటే వంటకి వేళవుతుంది. చూడు నా బుర్ర ఎక్కడికి పోతోందో. కుర్చీ టకటకమంది, అది నేను లేచిన చప్పుడు.

తలుపు అనుకున్నంత బరువు లేదు.

"వదినా, లోపలికి రాకూడదు. ఇంకో పదకొండు నిమిషాలు."

"ఆపు," అన్నాను.

"ఏంటి?"

"శనివారాలు ఆయన పడుకోలేదు. మేడ మీదికి వెళ్ళేవారు. నాలుగంతస్తులూ ఎక్కి, లిఫ్టు గదికి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. దొరికిపోయినప్పుడు కళ్ళు మూసుకోవడం ఆయన అలవాటు, తను చూడకపోతే ఎవరూ చూడరని.

"నేనా?" అన్నారు.

"మీరే."

"ఏదో ఒకటి రెండుసార్లు."

"పన్నెండుసార్లు."

మా ఆడపడుచు కంప్యూటరు వైపు తిరిగింది. వేలు ఒకచోట నొక్కింది, ఇంకోచోట నొక్కింది, మూడోసారి చూసుకుంది. కింది గీత ఆగి, సన్నబడి, పోయింది. అంకె పది దగ్గర నిలబడిపోయింది. పై గీత ఒంటరిగా, ఏమీ జరగనట్టు పాకుతోంది. నర్సు ఒక అడుగు వెనక్కి వేసింది. మా ఆడపడుచు అప్పుడు తిరిగి, అన్నయ్యని కాదు, నన్ను చూసింది.

"నువ్వు రాశావు కదా వదినా."

"రాశాను."

"ఎందుకు?"

చాలా కారణాలుండేవి. గాజు ఇవతల ఒక్కోటీ కొండంత ఉండేది. ఇక్కడ నోరు తెరిస్తే ఒక్కటీ ఆవగింజంత లేదు.

"దాన్నేమీ అనకే," అన్నారు ఆయన, కళ్ళు తెరవకుండానే. "నేనే చెప్పొద్దన్నాను."

"నిన్ను నేను ఏనాడూ నమ్మలేదన్నయ్యా. నీతో నాకు బాధ లేదు."

అరిస్తే బాగుండేది. అరవలేదు. కంప్యూటరు ముందు కూర్చుని శనివారాల గ్రాఫు తెరిచి, పొద్దున నాకు గర్వంగా చూపించిన గుట్టలనే వేలితో తడుముతూ, అంటే ఇవి నిజమే, ఇవన్నీ నిజమే, పాతది మోసపోలేదు, పాపం అది సరిగ్గానే చూసింది అని గొణుక్కుంది. నేను నిలబడే ఉన్నాను. ఆయన చెయ్యి మంచం అంచు మీదుగా వచ్చి నా చేతిని పట్టుకుంది, టీ ఒలికి జిగటగా ఉన్న చేతిని, ఆ జిగటకి ఆయన కనుబొమ ఎగిరింది. పాత మెదడుతో ఇంటికెళతాం. మళ్ళీ పడతారు. ఎప్పుడో తెలియదు. భయం పోలేదు, చోటు మార్చుకుని పక్కన కూర్చుంది, అంతే. ఇంతలో మా ఆడపడుచు వేలు గ్రాఫు మీద ఆగిపోయింది. మెల్లిగా లేచి, నా మోచెయ్యి పట్టుకుని, బయట నడవాలోకి తీసుకొచ్చి, తలుపు మూసి, ఆ తలుపుకే ఆనుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వదినా. మిగతా అయిదు నోట్‌బుక్కులు."

చేతికంటిన టీ చీర కుచ్చెళ్ళకి తుడుచుకున్నాను.

"నలుగురు భార్యలు, ఒక కూతురు. వాళ్ళవి దాదాపు అన్నీ కలిశాయి. ఎక్కడ కలవకపోయినా నేను డబ్బానే అనుమానించాను. వైరుని అనుమానించాను, చిప్పుని అనుమానించాను. రాసినవాళ్ళని..." ఆగింది. "ఇద్దరికి సోమవారమే మార్చేశాం."

నోట్‌బుక్కులు పంచిన రోజు గుర్తొచ్చింది. ఇక్కడే, కింది హాలులో, వరసగా కుర్చీల్లో మేం ఆరుగురం ఆడవాళ్ళం. వేదిక మీద ఎవరో అరగంటకోసారి, మర్చిపోకుండా అని చెబుతున్నారు. నా పక్కన గళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకున్నావిడ, తపాలా గుమాస్తా భార్య, నోరు కదలకుండా, అరగంటకోసారి ఆయన మొహం చూస్తూ కూర్చుంటే పొయ్యి మీదది ఎవరు చూస్తారండీ అంది. ఆరుగురం తలలు దించుకుని నవ్వాం. ఆ నవ్వేమిటో వేదిక మీది వాళ్ళకి తెలియదు. మాకు తెలుసు. అయిదు ఇళ్ళు, అయిదు ఆదివారం పొద్దులు, అయిదు పెన్నులు, ఏ గొడవా పెట్టని అయిదుగురు మనుషులు. వాళ్ళలో ఇద్దరు ఇప్పటికే ఎవరి ఛాతీలోనో కాపురం పెట్టేశారు.

మా ఆడపడుచు అప్పటికే ఫోను తీసింది. ఎవరికి చేస్తున్నావంటే సంచీ ఆవిడ పేరే చెప్పింది, వాళ్ళాయనే మొదటి మనిషి. ఫోను ఇంకా కలవకముందే, గొంతు సవరించుకుని చిన్నగా అప్పజెప్పుకుంటోంది, నమస్కారమండీ, మీరు నోట్‌బుక్కులో రాసిన వివరాల ఖచ్చితత్వం గురించి చిన్న ధ్రువీకరణ.

"అలా అడిగితే అన్నీ నిజమేనంటారు," అన్నాను. "నేనైతే అననా? ఇటివ్వు."

ఇచ్చింది. అనుమానించకుండానే ఇచ్చింది, లేదా అనుమానించడానికి వేళ లేక ఇచ్చింది. నాలుగుసార్లు మోగింది. ఎత్తారు. వెనకాల నీళ్ళు పడుతున్న చప్పుడు, గిన్నెలు.

"హలో?"

"నేనండీ, నోట్‌బుక్కులిచ్చిన రోజు మీ పక్కన కూర్చున్నాను. లిఫ్టు మెకానిక్కు గారి భార్యని. మీ ఆయన ఉన్నారా ఇంట్లో?"

"ఇప్పుడే బయటికెళ్ళారండీ. ఏం?"

"నేను నోట్‌బుక్కులో అబద్ధం రాశానండీ," అన్నాను. "పన్నెండు వారాలూ రాశాను. ఇప్పుడే లోపల చెప్పేసి వచ్చాను."

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. మా ఆడపడుచు గోళ్ళు నా మణికట్టులో దిగాయి.

కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.